యాభై గ్రాములు, ఒక చిటికెనవేలు

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాన్లు అమ్మే కొట్టుకెళ్ళి, వల అంచుకి కట్టే సీసం గుళ్ళు పావుకిలో ఇమ్మంటే కొట్టాయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. కాళ్ళకి స్పోర్ట్స్ షూ, ట్రాక్ ప్యాంటు, చేతికి పరుగుల వాచీ. "ఏ వలకమ్మా?" అన్నాడు. షూలో పెట్టుకోవడానికని చెప్తే ఏమనుకుంటాడోనని "మా తమ్ముడికి" అనేసి, పొట్లం పట్టుకుని బయటపడ్డాను. నాకు తమ్ముడే లేడు.

లోకమంతా షూ బరువు తగ్గించుకోవడానికి వేలకి వేలు పోస్తుంటే నేను డబ్బిచ్చి మరీ బరువు ఎందుకు కొనుక్కున్నానో చెప్పాలంటే ముందు మాష్టారి గురించి చెప్పాలి. ఆయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు, అయినా పొద్దున్నే బీచ్‌రోడ్డు మీద పరుగెత్తే మా గుంపులో అందరికీ మాష్టారే. ఆయన జేబులో అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న కాటా ఒకటుంటుంది, బంగారం తూచుకునే రకం. ఎవరు కొత్త షూ వేసుకొచ్చినా సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా అరుగు మీద కూర్చోబెట్టి, ఒకటి విప్పించి, తూచి, పెదవి విరుస్తారు. ఆయన తన షూ లేసుల చివర మిగిలిన ముక్కలు కూడా కత్తిరించేశారు. ఒక గ్రాము కలిసొచ్చిందట.

ఆయన లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో కాలు కిలోమీటరుకి సుమారు ఆరొందల సార్లు లేస్తుంది. పది కిలోమీటర్లకి ఆరువేల సార్లు. షూ యాభై గ్రాములు ఎక్కువైతే, ఆరువేలు ఇంటూ యాభై, మూడొందల కిలోలు! "అంటే మూడు క్వింటాళ్ళ బియ్యం అదనంగా ఎత్తినట్టమ్మా." ఈ లెక్క విన్నాక ఎవరికైనా పర్సు తియ్యాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఇదే లెక్కన పరుగుకి ముందు తిన్న రెండు ఇడ్లీలు కూడా టన్ను దాటతాయి కదా అని తట్టింది గానీ అప్పటికే షూ కొనేశాను. అయితే మాష్టారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని తీసిపారెయ్యను. నడుముకి కట్టుకున్న బరువూ పాదానికి కట్టుకున్న బరువూ ఒకటి కాదు. కాలు ఊగే కర్ర లాంటిది, దాని చివర ఉన్న బరువుని ప్రతి అడుక్కీ విసరాలి, ఆపాలి, మళ్ళీ విసరాలి. అందుకే రోకలిని మధ్యలో పట్టుకుంటాం గానీ చివర పట్టుకుని ఎత్తం.

నేను కొన్న షూ, నా సైజులో, మాష్టారి కాటా మీద 189 గ్రాములు తూగింది. నా పాతది 245. బ్రాండు పేరెందుకు, ఆ షూతో సుఖంగా పరుగెత్తేవాళ్ళు నా గుంపులోనే ముగ్గురున్నారు. షాపులో వేసుకుంటే కాలికి ఏమీ వేసుకోనట్టే ఉంది. గచ్చు మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. షాపబ్బాయి "సూపర్ ఉంది మేడమ్" అన్నాడు, వాళ్ళు చెప్పులు కొన్నా అదే అంటారు.

జూలైలో ఒక ఆదివారం సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి రుషికొండ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను, పదిహేడు కిలోమీటర్ల పైమాటే. మన విశాఖ జూలై గురించి చెప్పక్కర్లేదు, తెల్లవారి అయిదింటికే గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది. అయిదో కిలోమీటరుకి కుడికాలి చిటికెనవేలు పలకరించింది. తొమ్మిదికి మంట. వచ్చేదారిలో తెన్నేటి పార్కు దగ్గర పల్లం దిగుతుంటే పాదం ముందుకి జారి వేళ్ళన్నీ షూ మూతిలోకి కూరుకుపోయాయి. మూడుసార్లు ఆగాను, లేసులు వదులు చేసుకోవడానికి, బిగించుకోవడానికి, ఒకసారి ఊరికే షూ విప్పి గట్టు మీద కూర్చుని వేళ్ళు కదుపుకోవడానికి. ఇంటికొచ్చి చూస్తే చిటికెనవేలి పక్కన చింతగింజంత బొబ్బ, బొటనవేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టి ఉంది. వారానికి గోరు నల్లగా కాటుక డబ్బా మూతలా అయింది.

అది శ్రావణమాసం ముందు. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వెళ్తే, పసుపు రాయడానికి పళ్ళెం పట్టుకుని కూర్చున్న ఆ ఇంటి కోడలు నా బొటనవేలి దగ్గర ఆగిపోయింది. రాయాలా, వద్దా? పక్కనున్న పెద్దావిడ వంగి చూసి, "ఏటే అది, గడప తగిలిందా?" అంది. "షూ అండీ" అన్నాను. "షూ వేసుకునేది దెబ్బ తగలకుండా ఉండడానికి కదే" అంది. ఇప్పటివరకూ చదివిన షూ రివ్యూలన్నిటికంటే ఈ మాట పనికొచ్చిందంటే నమ్మండి.

అక్కడితో అయిపోలేదు. ఇంటికొచ్చి మొజాయిక్ గచ్చు మీద నడిస్తే పసుపు పాదముద్రలు పడ్డాయి. లక్ష్మీదేవి పాదాలు ముగ్గులో ఎంత సన్నగా వేస్తామో తెలుసు కదా, నావి బాతు పాదాలు. వేళ్ళ దగ్గరకొచ్చేసరికి విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. చిన్నప్పుడంతా వట్టికాళ్ళతోనో హవాయి చెప్పులతోనో తిరిగిన పాదం, దాన్ని ఎవరూ ఎక్కడా బంధించలేదు. వెంటనే పరుగుల షూలోంచి లోపల పరిచి ఉండే అట్ట, అదే ఇన్‌సోల్, పీకి నేల మీద పెట్టి దాని మీద నిలబడ్డాను. చిటికెనవేలు దాదాపు మొత్తం బయటే ఉంది, ఇల్లు ఇరుకై వరండాలో పడుకున్న చుట్టంలా.

పొడవు సరిపోయింది, వెడల్పే లేదు. మనం షూ సైజు అనేది ఒట్టి పొడవు. అదీ సరిగ్గా లేదు. యూకే సైజులో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అది ఒకప్పుడు బార్లీ గింజ పొడవుతో కొలిచిన కొలత. నైకీ ఆడవాళ్ళ యూకే 6 పెట్టె మీద 25.5 సెంటీమీటర్లని ఉంటుంది, అడిడాస్ యూకే 6 మీద 24.5 అని ఉంటుంది. ఆరుకీ ఆరుకీ మధ్య సెంటీమీటరు! అందుకే పెట్టె మీద చూడాల్సింది ఆ చివర చిన్న అక్షరాల్లో ఉండే సెంటీమీటర్ల నంబరు. ఇక వెడల్పు సంగతి. అమెరికా కొలతల ప్రకారం ఆడవాళ్ళ షూకి మామూలు వెడల్పు 'బి', మగవాళ్ళ షూకి 'డి'. అంటే అదే పొడవున్న పాదానికి లేడీస్ షూ పుట్టుకతోనే ఇరుకు. దానికి తోడు మన పాదాలు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా పాదాలు కొలిచారు. యూరప్, అమెరికా వాళ్ళకంటే మనవి వెడల్పని తేల్చారు, మనకంటూ వేరే సైజుల పద్ధతి పెట్టాలని 'భా' అనే పేరుతో ప్రతిపాదించారు. ఆ సైజు షూ మన షాపుల్లోకి వచ్చేదాకా నా చిటికెనవేలు ఎక్కడ పడుకోవాలి?

సరే, మాష్టారు ఊరుకోలేదు. "వెడల్పు తర్వాతమ్మా, బరువు సైన్సు" అన్నారు. సైన్సంటే సైన్సే చదువుదామని కూర్చున్నాను. చదువుతుంటే మూడుచోట్ల సీసం తగిలింది, నాకు నవ్వొచ్చింది కూడా.

అమెరికాలో బోల్డర్ ఊళ్ళో కొలరాడో యూనివర్సిటీలో రోజర్ క్రామ్ అనే ప్రొఫెసర్ ల్యాబ్ ఉండేది. 2012లో వాళ్ళు వట్టికాళ్ళతో పరుగెత్తడం బాగా అలవాటున్న 12 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఒకసారి దాదాపు 150 గ్రాముల షూతో, ఒకసారి వట్టికాళ్ళతో, ఒకసారి వట్టి పాదానికి షూ అంత బరువు సీసం పట్టీలు కట్టి. బరువు సమానం చేసినప్పుడు షూ వేసుకున్నవాళ్ళకే మూడు నాలుగు శాతం తక్కువ శక్తి ఖర్చయింది. మరి అసలు ఏ బరువూ లేని వట్టికాలు ఆ షూని గెలిచిందా? లేదు, రెంటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకంటే మెత్త లేకపోతే ఆ పని పిక్కలూ తొడలూ చేసుకోవాలి, దానికీ ఖర్చుంది. బరువు ఖర్చైతే మెత్త జమ, రెండూ ఒకదానికొకటి చెల్లిపోయాయి. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టికాళ్ళతో మారథాన్ గెలిచాడు కదా అంటారు. గెలిచాడు, మహానుభావుడు. దొరికిన షూ కాలికి సరిపడక విప్పేశాడని కూడా అంటారు. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో షూ వేసుకుని అంతకంటే మూడు నిమిషాలు తక్కువలో గెలిచాడన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

రెండో సీసం నాకు అన్నిటికంటే నచ్చింది. 2016లో అదే ల్యాబ్‌వాళ్ళు 18 మందితో మూడు కిలోమీటర్లు పరుగెత్తించారు, వారానికోసారి. వాళ్ళకి చెప్పకుండా కొన్నిసార్లు ఒక్కో షూకి లేసుల కింద ఉండే నాలుకలో 100 గ్రాములు, కొన్నిసార్లు 300 గ్రాములు సీసం గుళ్ళు దాచారు. ప్రతి 100 గ్రాములకీ టైము సుమారు 0.78 శాతం పెరిగింది. అంటే మాష్టారు చెప్పింది నిజమే, బరువుకి ధర ఉంది. ఆ ధర ఎంతో చూడండి. నా పది కిలోమీటర్ల టైము 68 నిమిషాలు. వాళ్ళు మంచి రన్నర్లు, వాళ్ళ లెక్క నాకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందని కాదు, కానీ వేసి చూస్తే నా పాత షూకీ కొత్త షూకీ ఉన్న 56 గ్రాముల తేడా నాకు తెచ్చేది 18 సెకన్లు. ఆ ఆదివారం గట్టు మీద కూర్చుని వేళ్ళు కదుపుకున్నందుకే రెండు నిమిషాలు పోయాయి.

మూడోది 2017 నాటిది, అందరూ చెప్పుకునే నైకీ వేపర్‌ఫ్లై పరీక్ష. కార్బన్ ప్లేటున్న ఆ షూ అప్పటి మేటి రేసింగ్ షూలకంటే సగటున నాలుగు శాతం శక్తి ఆదా చేసిందని తేలింది. అందరూ "చూశారా, తేలికైన షూ!" అన్నారు. పేపరు తెరిచి చూస్తే, తేలికైన షూలకి సీసం వేసి మూడు రకాల షూల బరువూ ఒకటి చేశాకే పరుగెత్తించారు. మరి నాలుగు శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలావరకు షూ అడుగున మెత్తగా ఉండే ఆ నురుగులోంచి. నొక్కినప్పుడు తీసుకున్న శక్తిలో అది 87 శాతం తిరిగిచ్చింది, పక్కనున్న అడిడాస్ షూ 76, నైకీదే పాత రకం దాదాపు 66. మంచి రబ్బరు బంతికీ గుడ్డ బంతికీ ఉన్న తేడా అన్నమాట. నాలాంటి నెమ్మది మనుషుల మీద 2023లో పరీక్షిస్తే గంటకి 12 కిలోమీటర్ల వేగంలో లాభం ఒకటిన్నర శాతం లోపుకి, 10 కిలోమీటర్ల వేగంలో ఒక శాతం లోపుకి పడిపోయింది, అదీ మనిషి మనిషికీ బాగా మారింది. అప్పటికి నేను పరుగెత్తేది గంటకి తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. ఇథియోపియా రన్నర్ టిగ్‌స్ట్ అసెఫా 2023 బెర్లిన్‌లో 138 గ్రాముల అడిడాస్ షూతో 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో మారథాన్ ముగించింది, ఆ షూ ధర అప్పట్లో 500 డాలర్లు, ఒక్క మారథాన్ కోసమే తయారైంది. ఆవిడకి అది పనిముట్టు. నాకైతే పెళ్ళి పట్టుచీరలా బీరువాలో ఉంటుంది.

ఇదంతా చదివాక హార్బర్ కొట్టుకెళ్ళాను. మా పాప ఇంటర్ సెకండియర్, ఫిజిక్సు మీద ప్రేమ లేకపోయినా అమ్మని మోసం చెయ్యడమంటే ఇష్టం. ఇద్దరం కూర్చుని గుళ్ళు వంటింటి కాటా మీద తూచి, యాభై గ్రాముల చొప్పున రెండు పొట్లాలు కట్టి, టేపు చుట్టాం. అదే లావున దూది పొట్లాలు ఇంకో రెండు, తేడా తెలియకుండా. ఏ రోజు ఏది షూ నాలుక కింద దూర్చాలో దానిష్టం. షూ నేను చేత్తో ఎత్తకూడదు, మెట్టు మీద పెడితే కాలు దూర్చుకుని లేసులు కట్టుకోవడమే. నా పాత 245 గ్రాముల షూతో తొమ్మిది రోజులు, ఒకే దారి, ఆరు కిలోమీటర్లు. తిరిగొచ్చాక ఇవాళ సీసమో దూదో చెప్పాలి. తొమ్మిదిలో అయిదు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే వచ్చేది. ఒకరోజైతే "ఇవాళ గాల్లో తేలినట్టుంది, ఖచ్చితంగా దూదే" అని గట్టిగా చెప్పాను. సీసం. మా పాప ఆ మాట ఇప్పటికీ భోజనాల దగ్గర వాడుతుంది.

తొమ్మిది రోజుల ఇంటి పరీక్ష ఏదీ నిరూపించదని నాకు తెలుసు. కానీ ఇరుకు షూని కళ్ళు మూసుకుని కూడా మొదటి కిలోమీటరులోనే పట్టేస్తాను, దానికి పరీక్షలూ అక్కర్లేదు.

కాటా ఇంట్లో ఉంది కదా అని ఇంకోటి కూడా చూశాను. ఆగస్టులో ఒకరోజు పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి ఆ తేలిక షూ తూచితే 189 కాస్తా 231 అయింది. చెమటే! కాళ్ళమ్మట కారి షూలో దిగింది. నూలు సాక్సు ఒకటి పొడిగా 24 గ్రాములు ఉండేది 51 అయింది. సింథటిక్ సాక్సు వేసి చూస్తే 17 నుంచి 29కి ఆగింది. అంటే సాక్సు మారిస్తే ఒక్కో కాలికి ఇరవై గ్రాములు తగ్గాయి, పన్నెండు వేల షూ కొనకుండా. మాష్టారికి ఇది చెప్తే మొదటిసారి నోట్సు రాసుకున్నారు.

ఇక సుఖం సంగతి. ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ మోసం చేసింది, ఎందుకంటే షాపులో దొరికే సుఖం పెళ్ళిచూపుల్లో మర్యాద లాంటిది. ఏసీ షాపు, కార్పెట్టు, చల్లబడిన పాదం, నాలుగడుగులు. మెత్తగా ఉన్నదల్లా అక్కడ హాయిగానే ఉంటుంది. పరుగెత్తితే పాదం వేడెక్కి ఉబ్బుతుంది, మన ఉక్కపోతలో మరీనూ. చాలా షూల అడుగున వాడే ఈవీఏ అనే నురుగు కూడా ఎండకి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. అందుకే చలిదేశంలో ఎవరో "కాస్త గట్టిగా ఉంది" అన్న షూ మనకి సరిగ్గా ఉండొచ్చు, వాళ్ళకి మెత్తగా ఉన్నది మన ఏప్రిల్లో పరుపులా అణిగిపోవచ్చు. కాల్గరీ యూనివర్సిటీలో బెన్నో నిగ్ అనే ఆయన చాలా ఏళ్ళు పాదాల మీద పనిచేసి, హాయిగా అనిపించే షూనే ఎంచుకోండి, మీ ఒంటికి ఏది నప్పుతుందో అదే చెప్తుంది అన్నాడు. ఒప్పుకుంటాను, కాకపోతే ఆ హాయి ఏ పూట, ఎన్నో కిలోమీటరులో అని అడగాలి. కొత్త చెప్పు కరుస్తుంది, తర్వాత అదే సాగుతుందని మా అమ్మ అంటుంది. తోలుకి అది నిజం. పరుగుల షూకి వాడే జాలీ గుడ్డ అలా సాగదు, కరిచేది చిరిగేదాకా కరుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నేను షూ కొనడానికి సాయంత్రం ఆరు దాటాకే వెళ్తాను, రోజంతా నిలబడిన కాళ్ళతో, పరుగుల సాక్సు సంచీలో పెట్టుకుని. ముందు ఇన్‌సోల్ పీకి దాని మీద నిలబడతాను. షాపబ్బాయిలు కంగారుపడతారు, పడనివ్వండి. వేళ్ళన్నీ లోపల ఉంటేనే షూ తొడుక్కుంటాను. నిలబడి చూస్తే ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. మడమ కొద్దిగా లేస్తే ఆ పైన చివర ఖాళీగా వదిలేసే కన్నాలున్నాయి చూడండి, రెండేసి దగ్గరగా, అక్కడ లేసుతో చిన్న ఉచ్చు చేసి అందులోంచి రెండోవైపు లేసు లాగితే బిగుస్తుంది, ముందుభాగం వదులుగానే ఉంటుంది. మొన్న ఇలాగే చూసుకుని మగవాళ్ళ షూ తీసుకున్నాను. "మేడమ్, అది జెంట్స్" అన్నాడు అబ్బాయి. "తెలుసు బాబూ, బిల్లెయ్యి" అన్నాను. రంగు బూడిదలా ఉంది, దానికేం. 251 గ్రాములు. పాతదానికంటే కూడా ఆరు గ్రాములు ఎక్కువ. ఆ షూతో డిసెంబరులో పది కిలోమీటర్లు 66 నిమిషాల చిల్లరలో వచ్చాయి. చలికాలం కూడా సాయం చేసి ఉంటుంది, షూ ఒక్కదానికే ఇవ్వను ఆ మార్కులు.

తేలిక షూ ఎవరికీ వద్దని నేననడం లేదు. సన్న పాదం ఉండి, వేగంగా పరుగెత్తేవాళ్ళకి 189 గ్రాములది దొరికి, అది కాలికి పడితే అంతకంటే ఏం కావాలి. ఇప్పుడు హోకా కంపెనీ లాంటివాళ్ళు లావు అడుగుతో కూడా తేలిక షూ చేస్తున్నారు, ఆల్ట్రా వాళ్ళు వేళ్ళ దగ్గర వెడల్పుగా చేస్తున్నారు, పదేళ్ళ కిందటిలా బరువో మెత్తో ఒకటే ఎంచుకో అనే రోజులు కావు. నా గొడవల్లా పెట్టె తెరవగానే ముందు కాటా తియ్యడం గురించే. కాలు ముందు పెట్టాలి కదా.

మిగిలిన సీసం మాష్టారు అడిగి తీసుకున్నారు. "నాకు తెలీకుండా ఉంటుందా, నేను పట్టేస్తాను" అని పందెం కట్టారు. పొట్లాలు పెట్టే డ్యూటీ మళ్ళీ మా పాపదే. పది రోజుల్లో తొమ్మిది సరిగ్గా చెప్పారు. నేను ఒప్పేసుకున్నాను, ఆయన 52 నిమిషాల మనిషి, ఆ కాళ్ళకి తెలుస్తుందేమోనని. మా పాప మాత్రం నమ్మడం లేదు. లేసులు కట్టుకునేటప్పుడు రోజూ జేబులో చెయ్యి పెడుతున్నారట.